ఉద్యోగం వదిలే ముందు రాసుకోవలసిన కాగితం

బెంగళూరులో మారతహళ్లి, మున్నెకొలాల, కుందలహళ్లి ప్రాంతాల్లో సాయంత్రం ఏడు దాటాక నడిస్తే సందుకొక కర్రీ పాయింటు, దాని ముందు హెల్మెట్ కూడా తీయకుండా పప్పు, వేపుడు, సాంబారు పొట్లాలు కట్టించుకుంటున్న మన కుర్రవాళ్లు కనిపిస్తారు. ఆ గుంపును చూసినవారిలో ఎవరో ఒకరికి ‘మనమే ఒకటి పెడితే ఎలా ఉంటుంది’ అనిపిస్తుంది. ఆ రాత్రే ఇంటికి ఫోను చేస్తే తమ్ముడు ‘పెట్టెయ్ అన్నయ్యా, ఆరు నెలల్లో రెండో బ్రాంచి తెరుద్దాం’ అంటాడు. నాన్నగారు ‘నెల తిరిగేసరికి జీతం పడే ఉద్యోగం ఉండగా మనకెందుకురా ఆ తలనొప్పి’ అంటారు. రెండు మాటల్లోనూ ప్రేమ ఉంది. రెండింటిలోనూ ఒక్క అంకె లేదు.

ఆశను, భయాన్ని చెరి సగం కలిపితే సమతూకం వస్తుందని చాలామంది అనుకుంటారు. అలా కలుపుకున్నవారు సగం మనసుతో కొట్టు తెరిచి, మిగతా సగం మనసుతో రోజూ దాన్ని మూసేయడం గురించి ఆలోచిస్తూ ఉండటం నేను చూశాను. ఆ రెంటికీ వేరు వేరు పనులు అప్పగించడం మేలని నా అభిప్రాయం. ఎంత డబ్బు పెట్టాలి, ఎక్కడ ఆపాలి, ఇంటిని వ్యాపారానికి ఎంత దూరంగా ఉంచాలి అనే మూడు నిర్ణయాలను మొదలుపెట్టకముందే, భయాన్ని పక్కన కూర్చోబెట్టుకుని తీసుకోవాలి. అవి కాగితం మీదికి ఎక్కిన తరువాత రోజువారీ పనంతా ఆశ చేతిలో పెట్టవచ్చు. ఆ కాగితాన్ని ఎలా రాయాలో ఇక్కడ వరుసగా చెబుతాను. ఉదాహరణకు కర్రీ పాయింటునే తీసుకున్నాను. మీరు పెట్టబోయేది పీజీ హాస్టలైనా, ట్యూషన్ సెంటరైనా, సాఫ్ట్‌వేర్ కంపెనీ అయినా అంకెలు మారతాయి గాని వరుస మారదు.

మొదటి పని: ఆశను ఒక్క వాక్యంగా రాయండి

‘బాగా నడుస్తుంది’ అనేది ఆశే గాని, తప్పో ఒప్పో తేలే మాట కాదు. ‘తెరిచిన ఆరో నెల నుంచి వారంలో ఆరు రోజులు, రోజుకు 150 మంది, మనిషికి సగటున 100 రూపాయలకు కొంటారు’ అని రాయండి. ఈ వాక్యం అబద్ధమైతే ఆరో నెలలో తెలిసిపోతుంది, అందుకే ఇది రాయడానికి చెయ్యి తడబడుతుంది. ఆ తడబాటు మంచిదే. మనవాళ్లు ‘ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం’ అని నవ్వేది ఆశ పడినందుకు కాదు, నడుమ జరగవలసిన పనులను లెక్కలోకి తీసుకోకుండా పేరు దాకా వెళ్లిపోయినందుకు. వాక్యం రాశాక దాని కింద, ఇది నిజం కావాలంటే ముందుగా ఏమేమి నిజం కావాలో రాయండి: నిలకడగా పనిచేసే వంటమనిషి, నడక దూరంలో పీజీలు, సాయంత్రం ఆగడానికి బండ్లకు చోటు, పక్క సందులో ఇప్పటికే ఉన్న నాలుగు కొట్లకంటే మెరుగైన ఒక్క కూర.

రెండో పని: రోజుకు ఎంతమంది వస్తే గట్టెక్కుతారో తేల్చండి

ఈ లెక్క మీద ఒక ఆదివారం పూర్తిగా ఖర్చు పెట్టండి. ఇక్కడ నేను వాడే మొత్తాలు ఉదాహరణకు మాత్రమే. మీ సందులో అడిగి తెలుసుకున్న మొత్తాలను వాటి చోట పెట్టుకోవాలి.

కొట్టు అద్దె నెలకు 45,000 రూపాయలు అనుకుందాం. వంటమనిషికి 35,000, ఇద్దరు సహాయకులకు తలా 18,000, కరెంటు, నీళ్లు, చిన్నచిన్న మరమ్మతులకు 14,000. మొత్తం 1,30,000. ఒక్క మనిషి రాకపోయినా నెలాఖరుకు కట్టవలసిన డబ్బు ఇది. ఇక 100 రూపాయల అమ్మకంలో సరుకులు, గ్యాసు, ప్యాకింగ్ కలిపి 60 పోతే మీ చేతిలో మిగిలేది 40. లక్షా ముప్పై వేలను 40తో భాగిస్తే నెలకు 3,250 అమ్మకాలు, 26 పనిదినాలకు రోజుకు 125. ‘నూట ఇరవై అయిదేగా’ అని ఇక్కడే పెన్ను మూసేసేవారు చాలామంది.

కాని రోజుకు 125 చొప్పున అమ్మితే ఏడాది అమ్మకం 39 లక్షలు. సేవల రంగానికి జీఎస్టీ నమోదు తప్పనిసరి అయ్యే అమ్మకాల హద్దు ఏడాదికి 20 లక్షలు, సరుకులు మాత్రమే అమ్మేవారికి 40 లక్షలు. వండిన భోజనం అమ్మడం సేవ కిందికే వస్తుంది గనుక, లాభనష్టాలు లేని స్థితికి చేరకముందే మీరు ఆ హద్దు దాటేస్తారు. హోటలు భోజనం మీద సాధారణంగా పన్ను 5 శాతం. పక్క కొట్టుతో పోటీ వల్ల దాన్ని ధర మీద వేరుగా వేయలేకపోతే మీ 40 రూపాయలు దాదాపు 35 అవుతాయి, రోజుకు 125 కాస్తా 143 అవుతుంది. 2025 జులైలో కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ చెల్లింపుల వివరాల ఆధారంగా చిన్న దుకాణదారులకు నోటీసులు పంపినప్పుడు, బెంగళూరులో ఎన్నో కొట్ల ముందు ‘యూపీఐ లేదు, నగదు మాత్రమే’ అని కాగితాలు వెలిశాయి. ఆ దుకాణదారులలో చాలామంది మోసగాళ్లు కారు. తమ అమ్మకం ఏ గీత దాటిందో ఏడాది పొడవునా చూసుకోనివారు. మీ వ్యాపారానికి ఏ పద్ధతి వర్తిస్తుందో తెరవకముందే ఒక ఆడిటరును అడగండి; ఆ ఫీజు పొదుపు చేయదగినది కాదు.

ఇంకా యాప్‌ల ద్వారా పంపే ఆర్డర్ల కమీషను ఈ లెక్కలో లేనే లేదు. అది కూడా పోతే ఒక్కో ఆర్డరు మీద మిగిలేది సగానికి పడిపోవచ్చు. అందువల్ల కౌంటరు అమ్మకానికి ఒక లెక్క, యాప్ అమ్మకానికి వేరొక లెక్క రాయండి. రెండింటినీ కలిపి చూస్తే రద్దీ ఎక్కువగాను, రాబడి తక్కువగాను ఎందుకుందో నెలల తరబడి అంతుపట్టదు.

ఇప్పుడు మొదటి పనిలో రాసిన 150నీ, ఇక్కడ తేలిన 143నీ పక్కపక్కన పెట్టండి. మీ ఆశ మొత్తం నెరవేరినా మిగిలేది రోజుకు ఏడుగురి లాభం. ఇది తెలిసినంత మాత్రాన మానుకోనక్కరలేదు. తక్కువ అద్దె కొట్టు వెతకవచ్చు, ఒక సహాయకుడితో మొదలుపెట్టవచ్చు, మధ్యాహ్నం భోజనం డబ్బాలు కలపవచ్చు. తెరిచాక తెలిస్తే మాత్రం ఈ దారులన్నీ ఖరీదైపోతాయి.

మూడో పని: వెళ్లి నిలబడి లెక్కపెట్టండి

తీసుకోదలచిన కొట్టుకు ఎదురుగా టీ తాగుతూ నిలబడి, పోటీ కొట్లలో ఎంతమంది కొంటున్నారో గంటకొకసారి గీతలు గీసుకోండి. శుక్రవారం రాత్రి ఒక్కసారి చూసి రావడం లెక్క కాదు. ఈ ఐటీ కారిడార్‌లో ఆఫీసుకు వారంలో కొన్ని రోజులే రమ్మనే కంపెనీలు ఇప్పటికీ ఉన్నాయి గనుక మంగళవారం కళకళలాడే సందు సోమవారం వెలవెలబోవచ్చు. వాన పడిన సాయంత్రం ఒకసారి, నెల మొదటి వారంలో ఒకసారి, ఆఖరి వారంలో ఒకసారి చూడండి. మన తెలుగు కొనుగోలుదార్ల మీదే ఆధారపడే కొట్టుకు ఇంకొక చిక్కుంది: సంక్రాంతికి బెంగళూరు నుంచి బస్సులు, రైళ్లు కిటకిటలాడుతూ ఊళ్లకు పోతాయి, 2024 మే 13న ఆంధ్రప్రదేశ్‌లో పోలింగ్ జరిగినప్పుడూ ఇక్కడి నుంచి జనం అలాగే కదిలారు. ఏడాదికి ఇలాంటి రోజులు ఎన్నో క్యాలెండరు ముందు పెట్టుకుని తీసేయండి. అద్దె మాత్రం పండగలకు ఊరికి పోదు.

పోటీ కొట్టువారితో మాట్లాడటానికి మొహమాటపడకండి. ‘అన్నా, వంటమనిషి దొరకడం కష్టంగా ఉందా’ అని అడిగితే చాలు, అరగంట సేపు తమ కష్టాలన్నీ చెబుతారు. గెలిచినవారి మాటలకన్నా మూసేసినవారి మాటలు విలువైనవి. అయితే వారు సందులో కనపడరు, వెతికి పట్టుకోవాలి. నడుస్తున్న కొట్లను మాత్రమే చూసి లెక్కవేసేవారికి ఈ వ్యాపారంలో అందరూ గెలుస్తున్నట్టే కనిపిస్తుంది.

నాలుగో పని: ఏడాది తరువాత షట్టరు దించేసినట్టు ఊహించుకోండి

గ్యారీ క్లైన్ అనే అమెరికన్ మనోవిజ్ఞాన శాస్త్రవేత్త 2007లో ‘ప్రీమార్టమ్’ అనే పద్ధతిని వివరిస్తూ ఒక వ్యాసం రాశారు. మనిషి పోయాక కారణం వెతకడం పోస్టుమార్టమ్ అయితే, పని మొదలుకాకముందే అది పూర్తిగా విఫలమైందని అనుకుని కారణాలు రాయడం ఇది. ‘ఏమైనా తప్పు జరగవచ్చా’ అని అడిగితే ఎదుటివారు మనసు నొప్పించడం ఎందుకని మౌనంగా ఉంటారు. ‘ఏడాది గడిచింది, కొట్టు మూసేశాం, ఎందుకు మూశామో రాయి’ అంటే అదే మనిషి అయిదు నిమిషాల్లో పేజీ నింపుతాడు. ఈ పనిని భార్యాభర్తలిద్దరూ, వీలైతే మీ వంటమనిషి, లెక్కలు తెలిసిన ఒక మిత్రుడు విడివిడిగా రాసి, తరువాత కలిపి చదవాలి. వంటమనిషి రాసినది మొదట చదవండి. ‘సారుకు కోపం ఎక్కువ, నేను మానేశాను’ అని రాసి ఉండవచ్చు.

ఈ నగరం గత కొన్నేళ్లలో చూసినవాటిని కూడా జాబితాలో చేర్చండి. 2022 సెప్టెంబరు మొదటి వారంలో అవుటర్ రింగ్ రోడ్డు వైపు నీళ్లు నిండి ఉద్యోగులు ట్రాక్టర్ల మీద ప్రయాణించారు. 2023 జులైలో టమాటా కిలో వంద రూపాయలు దాటింది. కోలారు, మదనపల్లె మార్కెట్లు పక్కనే ఉండీ ఆ వేడి తప్పలేదు. 2024 వేసవిలో బోర్లు ఎండి, ట్యాంకరు నీళ్ల ధరలకు ప్రభుత్వమే పరిమితి పెట్టవలసి వచ్చింది. 19 కిలోల వాణిజ్య సిలిండరు ధర నెల మొదటి తేదీన మారుతూ ఉంటుంది. పొదుపు కోసం ఇంటి సిలిండరు వాడితే అది నేరం. మెట్రో పనుల కోసం ఒక రోడ్డు తవ్వితే ఆ రోడ్డు పక్క కొట్టు గతి ఏమవుతుందో రింగు రోడ్డు మీద ఎవరిని అడిగినా చెబుతారు.

ఇక్కడ నేను చేసిన పొరపాటు ఒకటి చెప్పాలి. 2019లో ఇద్దరు మిత్రులతో కలిసి బీటీఎం లేఅవుట్‌లో ఒక పీజీ భవనాన్ని అద్దెకు తీసుకున్నప్పుడు మేమూ ఇలాంటి జాబితా రాశాం. నీళ్లు రాకపోవడం, వంటమనిషి మానేయడం, పక్కన కొత్త పీజీ వెలవడం అన్నీ అందులో ఉన్నాయి. గదులన్నీ ఒకే నెలలో ఖాళీ అవుతాయని మాత్రం ఎవరమూ రాయలేదు. 2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ మొదలైంది. ఆ తరువాత ఉండేవారు ఒక్కొక్కరుగా ఊళ్లకు వెళ్లిపోయారు, పరుపులు మిగిలాయి. మహమ్మారిని ఊహించలేకపోవడం మా తప్పని ఇప్పటికీ అనుకోను. ‘కారణం ఏదైనా కానీ, మూడు నెలలు రాబడి సున్నా అయితే ఏం చేస్తాం’ అని అడుగుకోకపోవడం తప్పు. కారణాలు ఊహకందవు గాని, వాటి ఫలితాలు నాలుగైదు రకాలే: రాబడి కొన్నాళ్లు ఆగిపోవడం, ఖర్చు ఒక్కసారిగా పెరగడం, ముఖ్యమైన మనిషి వెళ్లిపోవడం, చోటు ఖాళీ చేయవలసి రావడం, ప్రభుత్వం నుంచి నోటీసు రావడం. ఫలితానికి సిద్ధమైనవారు కారణాన్ని ముందుగా కనిపెట్టనక్కరలేదు.

జాబితా పూర్తయ్యాక ప్రతి కారణం పక్కన ‘దెబ్బ’ అనో ‘గోతి’ అనో రాయండి. దెబ్బ తగిలితే ఒకటి రెండు నెలల లాభం పోతుంది. గోతిలో పడితే మళ్లీ లేవలేరు. టమాటా ధర దెబ్బ. అత్తగారి ఊళ్లో ఇల్లు తాకట్టు పెట్టి తెచ్చిన డబ్బుతో తెరవడం గోతి. దెబ్బల గురించి ఎక్కువగా ఆలోచించకండి, అవి వ్యాపారంలో భాగమే. మీ జాగ్రత్త మొత్తాన్ని గోతుల మీదే ఖర్చు పెట్టండి.

అయిదో పని: ఇంటికీ కొట్టుకూ మధ్య గోడ కట్టండి

సొంత పేరుతో నడిపే వ్యాపారంలో కొట్టు అప్పు మీ సొంత అప్పే. ఇద్దరు మిత్రులు కలిసి పెట్టే భాగస్వామ్యంలో పరిస్థితి ఇంకా సున్నితం: 1932 నాటి భాగస్వామ్య చట్టం ప్రకారం సంస్థ అప్పులకు ప్రతి భాగస్వామీ కలిసీ, విడిగానూ కూడా బాధ్యుడు. అంటే మీ మిత్రుడు సంస్థ పేరుతో చేసిన అప్పుకు, అతడి దగ్గర ఏమీ లేకపోతే, మొత్తం మీ దగ్గర వసూలు చేయవచ్చు. నలుగురు కలిసి కాస్త పెద్దగా పెట్టేటప్పుడు 2008 చట్టం కింద ఎల్‌ఎల్‌పీగానో (భాగస్వాముల బాధ్యతకు పరిమితి ఉండే సంస్థ), ప్రైవేటు లిమిటెడ్ కంపెనీగానో నమోదు చేసుకోవడం ఇందుకే. అయితే ఆ రక్షణ మీరు సొంతంగా హామీ సంతకం పెట్టనంత వరకే నిలుస్తుంది. హామీ పెట్టినవారి బాధ్యత, అప్పు తీసుకున్నవారి బాధ్యతతో సమానం. ‘ఊరికే సంతకమే కదా బావా’ అన్నప్పుడు ఈ సంగతి గుర్తుండాలి. సరుకుల వ్యాపారికి పూచీగా ఖాళీ చెక్కులు ఇచ్చే అలవాటు కూడా అలాంటిదే. చెక్కు తిరిగి వస్తే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 138వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలుశిక్షకు గాని, చెక్కు మొత్తానికి రెండింతల వరకు జరిమానాకు గాని, రెండింటికీ గాని అవకాశం ఉంది.

అప్పు ఎక్కడ తేవాలో కూడా ఇప్పుడే రాసుకోండి. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ అంటే వినడానికి తేలికగా ఉంటుంది గాని అది ఏడాదికి 24 శాతం. చిన్న వ్యాపారాల కోసం కేంద్ర ప్రభుత్వం పెట్టిన ముద్ర పథకం కింద తనఖా లేకుండా, శిశు రకంలో 50,000, కిశోర్‌లో 5 లక్షలు, తరుణ్‌లో 10 లక్షల వరకు రుణాలున్నాయి. బ్యాంకు చుట్టూ నాలుగుసార్లు తిరగవలసి వస్తుంది, కాగితాలు అడుగుతారు, విసుగు పుడుతుంది. ఆ కాగితాలే మీ లెక్క తప్పో ఒప్పో మొదట చూసే బయటి కన్ను. వడ్డీ వ్యాపారి ఏమీ అడగకుండా ఇచ్చేది మీ వ్యాపారాన్ని నమ్మి కాదు, మీ నాన్నగారి పొలాన్ని నమ్మి.

ఉద్యోగం వదిలేటప్పుడు కంపెనీ ఇచ్చిన ఆరోగ్య బీమా పోతుంది. రాజీనామా పత్రం ఇవ్వకముందే కుటుంబానికి సొంత పాలసీ తీసుకోవాలి, ఎందుకంటే ఇప్పటికే ఉన్న జబ్బులకు మూడేళ్ల వరకు ఎదురుచూపు కాలం ఉండవచ్చు. టర్మ్ పాలసీ, అంటే మనిషి పోతే కుటుంబానికి డబ్బు వచ్చే జీవిత బీమా, తీసుకునే వివాహితులైన పురుషులు దాన్ని 1874 నాటి వివాహిత స్త్రీల ఆస్తి చట్టం కింద తీసుకుంటే, ఆ డబ్బు భార్యాపిల్లలకే చెందుతుంది. అప్పులవారు దాని మీద చేయి వేయడం సాధారణంగా కుదరదు. పాలసీ తీసుకునేటప్పుడే ఆ ఫారం నింపాలి, తరువాత కుదరదు. ఏజెంటు తనంతట తాను చెప్పకపోవచ్చు, మీరే అడగండి.

ఇక అడ్వాన్సు. బెంగళూరులో పది నెలల అద్దెను అడ్వాన్సుగా అడగడం చాలాకాలంగా వస్తున్న వాడుక. మన ఉదాహరణలో అది 4,50,000. తిరిగి వచ్చే డబ్బే అయినా వ్యాపారం నడిచినంత కాలం అది మీకు అక్కరకు రాదు, వదిలేటప్పుడు రంగులనీ మరమ్మతులనీ కొంత కోసుకుంటారు. చేతిలో ఉన్న పొదుపు 14 లక్షలనుకుంటే, అడ్వాన్సు పోగా, పొయ్యిలు, ఫ్రిజ్జు, కౌంటరు, బోర్డులకు 5 లక్షలు పెడితే మిగిలేది 4,50,000. రోజుకు 143 కావలసిన చోట 80 మందే వచ్చారనుకోండి. నెలకు 57,200 నష్టం. ఇంటి ఖర్చు 45,000. రెండూ కలిపితే 1,02,200. మీ డబ్బు నాలుగున్నర నెలలు కూడా నిలవదు. మీరు రాసుకున్న ఆశ ఆరో నెలకు నెరవేరుతుంది, డబ్బు అయిదో నెలలో అయిపోతుంది. చాలా కొట్లు జనం రాక మూతపడవు, జనం వచ్చేదాకా డబ్బు ఆగక మూతపడతాయి. ‘ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు’ అన్న పెద్దలు అనుకున్న ఖర్చు ఎప్పుడూ దాటుతుందనే చెప్పారు. అందువల్ల మీరు వేసిన ఖర్చుకు ఇంకో సగం కలిపి, కాలాన్ని రెట్టింపు చేసి, అప్పటికీ డబ్బు ఆగుతుందా అని చూసి గాని అడుగు వేయకండి.

ఆరో పని: ఆపే గీతను ముందే గీయండి

కాగితం మీద ఒక తేదీ, ఒక మొత్తం రాయండి. ‘ఫలానా నెల చివరికి వరుసగా ఎనిమిది వారాల సగటు రోజుకు 110 దాటకపోతే గాని, బ్యాంకులో మిగిలింది 2 లక్షలకు తగ్గితే గాని, ఏది ముందైతే అది, మూసేస్తాను.’ దీని మీద మీరు, మీ జీవిత భాగస్వామి సంతకాలు చేయండి. అసలు కాగితం మీ దగ్గర ఉంచుకోకండి. మీ ఉత్సాహానికి కరగని ఒక మనిషికి, ఉదాహరణకు ఆ లెక్కల మిత్రుడికి, ఇవ్వండి. ఇది నిరాశావాదం కాదా అని అడిగేవారున్నారు. కొట్టు నష్టాల్లో ఉన్న రాత్రి పదకొండింటికి, ఇప్పటికే తొమ్మిది లక్షలు పెట్టేశామన్న బాధతో ఉన్న మనిషి ఈ గీత గీయలేడు. ఇంకొక్క నెల చూద్దామనే అంటాడు, ఆ ఒక్క నెల కోసం బంగారం కదులుతుంది. గీత దగ్గరికి వచ్చినప్పుడు దాన్ని జరపాలనిపిస్తే జరపవచ్చు, కాని ఆ మిత్రుడి ఎదుట కూర్చుని, కొత్తగా తెలిసిన విషయం ఏమిటో చెప్పి జరపాలి. ‘నాకు నమ్మకం ఉంది’ అనేది కొత్త విషయం కాదు.

అద్దె ఒప్పందం ఈ గీతకు అడ్డు రాకూడదు. ఏడాదికి మించిన లీజును రిజిస్టరు చేయించాలి గనుక 11 నెలల ఒప్పందాలు వాడుకలోకి వచ్చాయి. చిన్న ఒప్పందం వల్ల మీరు తేలికగా బయటపడవచ్చు. కొట్టు బాగా నడిస్తే యజమానీ అంతే తేలికగా ఖాళీ చేయమనవచ్చు. పెద్ద ఒప్పందం తీసుకుంటే గడువుకు ముందు వదిలి వెళ్లనివ్వని ‘లాక్ ఇన్’ అనే షరతు ఎన్ని నెలలుందో, ముందే వెళ్లిపోతే అడ్వాన్సులో ఎంత కోస్తారో చదివి గాని సంతకం పెట్టకండి.

ఏడో పని: చిన్నగా చేసి చూడండి

పదిహేను లక్షలు పెట్టేముందు పదిహేను వేలతో తెలుసుకోగలిగినది ఎంతో ఉంటుంది. శని, ఆదివారాల్లో మీ అపార్ట్‌మెంటువారికి ముందుగా ఆర్డరు తీసుకుని నాలుగు రకాల కూరలు అమ్మి చూడండి. ఇంట్లో వండి అమ్మినా కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నమోదు తప్పనిసరి. కొట్టు తెరిస్తే దానికి తోడు నగర పాలక సంస్థ ట్రేడ్ లైసెన్సు కావాలి. మీ ఉద్యోగ ఒప్పందంలో వేరే సంపాదన గురించి ఏం రాసి ఉందో కూడా చూసుకోండి. మొదటి రెండు వారాలు స్నేహితులు కొంటారు, వాటిని లెక్కలోకి తీసుకోకండి. అయిదో వారం ఎవరు అడిగి మరీ కొన్నారో వారే మీ కొనుగోలుదార్లు.

ఎనిమిదో పని: చేయకపోవడానికి కూడా వెల కట్టండి

ఇంతవరకు రాసినదంతా చదివి నాన్నగారు తల ఊపుతుంటే, ఆయన వైపు లెక్క కూడా వేయవలసి ఉంది. ఉద్యోగానికి ప్రమాదం లేదనేది మన తరం మాట కాదు. జీతం అంటే ఒకే ఒక్క కొనుగోలుదారున్న వ్యాపారం. ఆ ఒక్కరు ‘ఇక వద్దు’ అంటే ఆ నెల రాబడి సున్నా. వైట్‌ఫీల్డ్ ఐటీ కంపెనీల్లో ఆ ఈమెయిలు అందుకున్నవారు మీ పరిచయస్తుల్లోనే ఉండి ఉంటారు. అందువల్ల కాగితానికి రెండో వైపున, ఇప్పుడు చేయకపోతే అయిదేళ్లకు ఏం పోతుందో, ఇప్పుడు చేసి ఓడితే తిరిగి ఉద్యోగం దొరకడానికి ఎన్ని నెలలు పడుతుందో రాయండి. ముప్పై ఏళ్ల ఒంటరి యువకుడికీ, ఇద్దరు పిల్లల ఫీజులు, ఇంటి ఈఎంఐ ఉన్న నలభై అయిదేళ్ల మనిషికీ ఈ జవాబు ఒకటి కాదు. ఓటమి ఆరు నెలల జీతంతో పూడుతుందంటే, గోడ కట్టి, గీత గీసి ఉంటే, మొదలుపెట్టకపోవడాన్ని నేను జాగ్రత్త అనను.

ఈ వరుస కొట్టుకే పరిమితం కాదు. కట్టబోయే అపార్ట్‌మెంటులో ఫ్లాటు కొనేటప్పుడు కర్ణాటక రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నమోదు చూడటం, తాళాలు ఆలస్యమై అద్దె, ఈఎంఐ రెండూ ఏడాది పాటు కట్టవలసి వస్తే ఇల్లు గడుస్తుందా అని అడుగుకోవడం ఇదే పద్ధతి. పిల్లవాణ్ణి అప్పు చేసి పైదేశం పంపేటప్పుడు, చదువు అయ్యాక ఏడాది ఉద్యోగం దొరకకపోతే వాయిదాలు ఎవరు కడతారో ముందే మాట్లాడుకోవడమూ ఇదే. అమ్మానాన్నల వైద్యం కోసం దాచినది, అత్యవసర నిధి, పిల్లల ఈ ఏటి ఫీజు మాత్రం ఏ ఆశకూ పెట్టుబడి కాకూడదు. ఆ డబ్బు బ్యాంకులో ఉంచేటప్పుడు కూడా, ఒక్కో బ్యాంకులో ఒక్కో డిపాజిటరుకు వడ్డీతో కలిపి 5 లక్షల వరకే బీమా ఉంటుందని గుర్తుంచుకుని, పెద్ద మొత్తమైతే రెండు మూడు చోట్ల ఉంచండి.

తెరిచిన తరువాత

ఇక ఆశకు పని. సంతకాలైన మరునాటి నుంచి రోజూ ‘నడుస్తుందా లేదా’ అని అడుగుకోవడం మానేయండి. ఆ ప్రశ్నకు నెలలో ఒక్క రోజు కేటాయించండి. మొదటి ఆదివారం మధ్యాహ్నం, కొట్టుకు సెలవున్న పూట, పుస్తకం తెరిచి కాగితం మీది అంకెలతో పోల్చండి. మిగతా రోజులన్నీ ఉప్పు సరిగా ఉందా, నిన్న వచ్చినవారు ఈరోజు వచ్చారా, కొత్తగా వచ్చిన కుర్రవాడి పేరు గుర్తుందా అనేవాటికే. పనివారి ముందు భయాన్ని ప్రదర్శించకండి గాని, అబద్ధమూ చెప్పకండి; జీతం ఆలస్యమయ్యే నెల ఉంటే పదో తేదీన చెప్పాలి, ముప్పైన చెప్పకూడదు. ఖాళీగా గడిచిన సాయంత్రం మిగిలిన గోంగూర పచ్చడిని పక్క పీజీ కుర్రాళ్లకు రుచి చూపించి రావడం ఆశావాది చేసే పని. ఆ పచ్చడి ఖర్చును అదే రాత్రి పుస్తకంలో ‘ప్రచారం’ కింద రాయడం కూడా అతడే చేయాలి.